తెలిసిన పేరుతో వచ్చు తెలియని ఫైలు

2000వ సంవత్సరము మే నెల 4వ తేదీ, గురువారమునాడు, ఆసియా తూర్పుతీరమున కార్యాలయములు తెఱచుకొనుచున్న వేళ బయలుదేరి, ప్రొద్దుతోపాటు పడమటికి పయనించుచు, హాంకాంగు దాటి, ఐరోపా రాజధానులు దాటి, ఆ దినము ముగియకముందే అమెరికా తూర్పుతీరమును చేరినది ఒక చిన్న ఉత్తరము. దాని శీర్షికలో 'ఐ లవ్ యూ' అను మాట తప్ప వేఱొండు లేదు. లోపల, నేను పంపిన ప్రేమలేఖను దయచేసి చూడుమను అర్థముగల ఒకేయొక వాక్యము. దానివెంట ఒక అటాచ్‌మెంటు. పంపినవారు అపరిచితులు కారు. ప్రక్కగదిలో కూర్చుండు తోటి గుమాస్తా, పైయధికారి, నిన్నటిదినమున ధరల పట్టిక పంపిన వర్తకుడు, ఎన్నడో కలసి చదువుకొన్న మిత్రుడు, వీరిలో ఎవరిదో ఒకరి పేరు, వారి చిరునామాయే దానిపై కనబడుచుండెను. చదువరులు, ఉన్నతోద్యోగులు, కంప్యూటరు విద్యలో ఆరితేఱినవారు సైతము ఆ అటాచ్‌మెంటును తెఱచిరి. బ్రిటిషు కామన్సు సభ తన ఈమెయిలు వ్యవస్థను కొంతసేపు మూసివేసికొనవలసివచ్చెను. అమెరికా రక్షణశాఖవారి కంప్యూటర్లకును ఆ తాకిడి తప్పలేదు.

ఆ లేఖను నిజముగా పంపినవారు దానిమీద పేరున్నవారు కారు; తమ పేరిట అట్టి లేఖ యొకటి పోవుచున్నదని వారికి తెలియనే తెలియదు. వారి కంప్యూటరులో ప్రవేశించిన చిన్న ప్రోగ్రాము ఒకటి, ఔట్‌లుక్ అను మెయిలు ప్రోగ్రాములోని చిరునామా పుస్తకమును తెఱచి, అందున్న ప్రతియొక్కరికిని వారి తరఫుననే తన ప్రతిని పంపివేసెను. అందుకొన్నవారిలో తెఱచిన ప్రతివాడును మఱల అట్లే పంపువాడయ్యెను. ఈ ఉపద్రవమునకు మూలమైన రహస్యమంతయు ఆ ఫైలు పేరులోనే యున్నది. దాని పూర్తి పేరు 'లవ్ లెటర్ ఫర్ యూ.టీఎక్స్‌టీ.వీబీఎస్'. ఫైలు పేరునకు కడపట, చుక్క తరువాత వచ్చు అక్షరములు ఆ ఫైలు ఏ జాతికి చెందినదో తెలుపును: టీఎక్స్‌టీ యన్నచో చదువుకొనుటకు మాత్రమే పనికివచ్చు సాదా పాఠము, వీబీఎస్ యన్నచో కంప్యూటరుచేత పనులు చేయించు ఆజ్ఞల వరుస. ఇట్టివి రెండున్నప్పుడు కడపటిదే నిజమైన జాతి. అయితే చూచువారి కంటికి గజిబిజి తగ్గించుటకై, తానెఱిగిన జాతుల గుర్తులను దాచియుంచు అలవాటు ఆనాటి విండోస్‌కు కలదు, నేటికిని కలదు. అందుచేత కడపటి వీబీఎస్ మఱుగుపడి, టీఎక్స్‌టీ మాత్రమే పైకి కనబడి, ఆజ్ఞల వరుస కాస్తయు సాదా ఉత్తరమైపోయెను. ఈ దాపరికమును సౌకర్యముగా భావించి కల్పించినవారి దోషము, ఆ ఫైలును తెఱచిన గుమాస్తా దోషముకంటె ఎంతయో పెద్దదని నేను నిస్సంశయముగా తలంచుచున్నాను.

తెఱచిన వెంటనే జరిగినదేమి? వ్యాపించుట ఒక్కటే దాని పని కాదు. కంప్యూటరులో దాచుకొన్న ఛాయాచిత్రములను, ఇంకను పలువిధములైన ఫైళ్లను వెదకి, వాటిలోని పదార్థమును చెఱిపి, ఆ స్థానమున తన ప్రతిని వ్రాసికొనెను. పాటల ఫైళ్లను మాత్రము చెఱుపక దాచివైచెను. పాస్‌వర్డులను దొంగిలించు మఱియొక ప్రోగ్రామును మనీలాలోని సర్వరునుండి దింపుకొన యత్నించెను. బిడ్డల బాల్యపు చిత్రములను కంప్యూటరునందే యుంచి, వేఱొకచోట ప్రతి యుంచుకొనని కుటుంబములకు ఆ నష్టము ఏ మూల్యముతోను తీఱునది కాదు.

ఇది మొదటిదియు కాదు. 1987 డిసెంబరులో జర్మనీలోని క్లౌస్థాల్ సాంకేతిక విశ్వవిద్యాలయ విద్యార్థి యొకడు తెరపై క్రిస్మసు చెట్టును చిత్రించు ప్రోగ్రామును వ్రాసి విడువగా, అది చెట్టును చూపుచునే చాటున చిరునామాలను చదివి అందఱికిని తన్ను తాను పంపుకొని, విశ్వవిద్యాలయముల యంతర్జాలములను, ఐబీయం సంస్థ సొంత జాలమును క్రిక్కిఱిసిపోవునట్లు చేసినది. 1999 మార్చి 26న 'మెలిస్సా' యను వైరసు వర్డు పత్రములోని మాక్రో యను చిన్న ప్రోగ్రాము రూపమున వెడలి, చిరునామా పుస్తకములోని మొదటి 50 మందికి, 'మీరడిగిన పత్రము ఇదిగో' యని నమ్మబలుకుచు తన్ను తాను పంపుకొన్నది. దానిని సృష్టించిన డేవిడ్ స్మిత్‌కు న్యాయస్థానము 20 నెలల కారాగారమును, 5,000 డాలర్ల జరిమానాను విధించెను. అడుగనిదే వచ్చిన పత్రమైనను, 'మీరడిగినది' అనగానే మనుజుడు తాను అడిగి మఱచితినేమోయని తన్నే సందేహించుకొనును గాని పంపినవానిని సందేహింపడు. ఈ మనోధర్మమును ఆ ప్రోగ్రాములు వ్రాసినవారు చక్కగా నెఱుగుదురు.

ప్రేమలేఖను వ్రాసినవాడు మనీలా నగరమున కంప్యూటరు కళాశాలలో చదువుచుండిన ఓనెల్ డి గుజ్మాన్ అను యువకుడు. ధనము చెల్లించి ఇంటర్నెట్టును వాడుకొనలేని బీదవారు ఇతరుల పాస్‌వర్డులను సంగ్రహించి వాడుకొను ఉపాయమును అతడు తన సిద్ధాంతవ్యాసమునకు విషయముగా ప్రతిపాదింపగా కళాశాలవారు త్రోసిపుచ్చిరి. ఆనాడు పత్రికలవారి యెదుట తన నేరమును స్పష్టముగా నొప్పుకొననివాడు, రెండు దశాబ్దములు గడచిన పిమ్మట, మనీలాలో మొబైలు ఫోన్లు బాగుచేయు చిన్న దుకాణములో నుండగా వెదకిపట్టుకొన్న బ్రిటిషు పాత్రికేయుడు జెఫ్ వైట్‌తో, అది తాను చేసిన పనియే యనియు, ఇంతదూరము పోవునని తలంపలేదనియు చెప్పెను. అతనికి శిక్ష పడలేదు. ఏలయన, అట్టి పనిని నేరముగా నెన్ను చట్టమే నాడు ఫిలిప్పీన్సు దేశమున లేదు. ఆ కొఱతను తీర్చు చట్టముపై 2000 జూన్ 14న దేశాధ్యక్షుడు సంతకము చేసినను, జరిగిపోయిన దానికి క్రొత్త చట్టము వర్తింపదు గనుక, ఆగస్టులో అభియోగములను ఉపసంహరించిరి. మన దేశపు సమాచార సాంకేతిక చట్టమునకు రాష్ట్రపతి ఆమోదము లభించినదియు ఆ జూన్ నెలలోనే, 9వ తేదీన. పరుల కంప్యూటరులో అనుమతి లేక వైరసును ప్రవేశపెట్టుట ఆ చట్టపు 43వ సెక్షను క్రింద పరిహారమునకు పాత్రమగును. కపటబుద్ధితోనో మోసబుద్ధితోనో చేసినచో 66వ సెక్షను క్రింద 3 ఏండ్ల వఱకు కారాగారముగాని, 5 లక్షల రూపాయల వఱకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

తరువాతి కాలమున ఇట్టి ప్రోగ్రాములు వ్రాయు విద్యకు ప్రయోజనము మాఱినది. కీర్తికొఱకో, కుతూహలము చేతనో వ్రాసిన విద్యార్థుల స్థానమును ధనము కొఱకు వ్రాయు ముఠాలు ఆక్రమించెను. 2014లో మొదట కనుగొనబడిన 'ఎమోటెట్' అను ప్రోగ్రాము దీనికి పరాకాష్ఠ. అది ఒక కంప్యూటరులో చొరబడినపిదప అందలి పాత ఉత్తరప్రత్యుత్తరములను దొంగిలించి, నిజముగా జరిగిన సంభాషణకు కొనసాగింపుగా, నిజమైన శీర్షికతో, క్రింద నిజమైన పాత ఉత్తరములతో సహా, ఒక జవాబును వ్రాసి, దానికి విషపు అటాచ్‌మెంటును తగిలించి పంపుచుండెను. పెండ్లిపందిరిలో ప్రవేశించిన ఆగంతకుని మగపెండ్లివారు ఆడపెండ్లివారి చుట్టమనియు, ఆడపెండ్లివారు మగపెండ్లివారి చుట్టమనియు భావించి ఉభయులును ఆదరించినట్లు, సంభాషణలోనివారందఱును ఆ ఫైలును రెండవవారు పంపినదిగానే తలంచి తెఱచుచుండిరి. అట్లు తెఱచిన తలుపును ఆ ముఠా ఇతర ముఠాలకు అమ్ముకొనెడిది. కొన్నవారు లోనికి వచ్చి ఫైళ్లన్నిటికిని తాళమువైచి, తాళపుచెవికి వెల యడుగుచుండిరి. 2021 జనవరిలో యూరోపోల్ సమన్వయముతో ఎనిమిది దేశముల పోలీసులు దాని సర్వర్లను ఒక్కసారిగా వశపఱచుకొన్నను, ఆ యేడాది నవంబరునాటికే అది మరల తలయెత్తెను.

ఈ ముఠాలకు చిరకాలము ప్రియమైన సాధనము మాక్రో. వర్డు, ఎక్సెల్ పత్రములలో పునరావృతమగు పనులను తమంత తామే జరుగునట్లు చేయు ఈ చిన్న ప్రోగ్రాములు లెక్కల గుమాస్తాలకు నిజముగా ఉపకరించునవే. పత్రమును తెఱవగానే పైన పసుపుపచ్చని పట్టీలో 'ఎనేబుల్ కంటెంట్' అను మీట కనబడుచుండెను; దానిని నొక్కనంతవఱకు మాక్రో నిద్రించుచుండెను. కాబట్టి మోసగాండ్రు పత్రపు మొదటి పుటలోనే, ఇది పాత కూర్పులో తయారైనది, చదువవలెనన్నచో పైమీటను నొక్కుడని అచ్చొత్తించి పంపుచుండిరి. ఇంటర్నెట్టునుండి వచ్చిన పత్రములలో మాక్రోలను ముందుగానే నిరోధించెదమని మైక్రోసాఫ్టువారు 2022 ఫిబ్రవరిలో గాని ప్రకటింపలేదు. మెలిస్సా పుట్టి అప్పటికి దాదాపు 23 ఏండ్లు! ఆ ద్వారము మూయగానే ముఠాలు ఐఎస్‌ఓ, ఎల్‌ఎన్‌కే, వన్‌నోట్ ఫైళ్లవైపు మఱలెను. పాస్‌వర్డుతో బిగించిన జిప్పు ఫైలును పంపి, ఆ పాస్‌వర్డును అదే ఉత్తరములో వ్రాయుట వారి మఱియొక పద్ధతి: తాళము వైచిన పెట్టె లోపలిని యాంటీవైరసు చూడజాలదు, చదువరి మాత్రము ఇంత భద్రముగా పంపినారు గదా యని మఱింత నమ్మును.

దూరదేశముల కథలు చాలును. మన హైదరాబాదులోనే జరిగినదానిని చూతము. 2022 జనవరిలో ఏపీ మహేష్ సహకార అర్బన్ బ్యాంకు నుండి 12 కోట్ల రూపాయలకు పైబడిన ధనము రెండుదినములలో మాయమై, కొన్ని ఖాతాలలోనికి, అచ్చటినుండి నూటికి మించిన ఖాతాలలోనికి చీలి, దేశము నలుమూలలనున్న ఏటీయముల నుండి నగదై వెడలిపోయెను. హైదరాబాదు పోలీసులు నెలలపాటు శ్రమించి వెల్లడించిన వృత్తాంతమిది: అంతకు ముందు నవంబరు మాసమున ఆ బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా కపటపు మెయిళ్లు వచ్చెను, ఇద్దరు వాటిని తెఱచిరి, తెఱచినంతనే, దూరమునుండి కంప్యూటరును నడుపుటకు వీలుకల్పించు ట్రోజన్ ప్రోగ్రాము లోనికి చొచ్చెను. అటుపిమ్మట, లోపలి జాలమును విభాగములుగా వేఱుచేయు కట్టుదిట్టములు లేమిచే, ఒక బల్లమీది కంప్యూటరునుండి బ్యాంకు హృదయస్థానమగు డేటాబేసు వఱకు దారి సుగమమయ్యెను. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుపై సైబరు భద్రతాలోపములకుగాను 65 లక్షల రూపాయల జరిమానాను విధించినది.

ఈ వృత్తాంతమున నన్ను మిక్కిలి కలతపెట్టునది పోయిన ధనముకాదు. మెయిలు వచ్చిన నవంబరునకును ధనము పోయిన జనవరికిని నడుమ గడచిన ఆ రెండు మాసముల కాలము. దొంగ ఇంటిలోనే యున్నాడు. ఇంటివారు నిత్యకృత్యములలో నున్నారు. ఇట్టి యుదంతములలో, ఫైలు తెఱచిన క్షణమునకును వినాశమునకును నడుమ సర్వసాధారణముగా వ్యవధి యుండును. ఆ వ్యవధిలో ఎవరైనను 'ఒక వింత ఫైలును తెఱచితిని, తెఱచినపుడు ఏమియు కనబడలేదు' అని సంబంధితులతో ఒక్కమాట చెప్పినచో, ఆ కంప్యూటరును వేఱుచేసి పరీక్షించుటకు అవకాశముండును. ఏల చెప్పరు? కొందఱికి అనుమానమే కలుగదు. అనుమానము కలిగినవారిలో పెక్కుమంది భయముచేత చెప్పరు. మన కార్యాలయములలో తప్పును ఒప్పుకొన్నవానికి మెమో, నలుగురిలో నగుబాటు, ఇంక్రిమెంటు కోత సిద్ధముగా నుండును. దాచినవానికి తాత్కాలికముగానైనను శాంతి లభించును. ఈ ఏర్పాటు దొంగకే మేలు చేయును. కామన్సు సభవారును, కంప్యూటరు నిపుణులును మోసపోయిన విద్యకు మన బ్యాంకు గుమాస్తా మోసపోయెనని దండించుట అన్యాయము మాత్రమే కాదు, అవివేకము కూడ.

ఇప్పుడీ విద్య కార్యాలయములను దాటి పల్లెలలోని మొబైలు ఫోన్లకు ప్రాకినది. వాట్సాపులో పెండ్లిపత్రిక యను పేర, ట్రాఫిక్ చలానా యను పేర, పీఎం కిసాన్ సొమ్ము యను పేర, బ్యాంకు కేవైసీ యను పేర వచ్చు ఫైళ్ల చివర ఏపీకే యను అక్షరములున్నచో అది పత్రికయు కాదు, చలానాయు కాదు. ఫోనులో స్థాపింపబడు యాప్. దానిని స్థాపించి, అది యడిగిన అనుమతులన్నిటికి సరేయన్న పిమ్మట, బ్యాంకు పంపు ఓటీపీలు ఆ దొంగలకు చేరును. అంతటితో ఆగక, ఆ ఫోనునందలి వాట్సాపునుండి బంధుమిత్రుల గ్రూపులన్నిటికి అదే ఫైలు మఱల పోవును. మనీలా యువకుడు చిరునామా పుస్తకముతో చేసినది ఇదియే. మేనమామ పంపిన పెండ్లిపత్రికను తెఱవకుండుట మర్యాద కాదని తలంచు సమాజమున ఇది ఎంత సులభముగా వ్యాపించునో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆసక్తిగలవారికి నా మనవి ఏమనగా, ఇంటిలోని పెద్దల ఫోనును ఒకసారి చేత బట్టుకొని, ప్లేస్టోరు వెలుపలినుండి యాప్‌లను స్థాపించు అనుమతి ఏ యాప్‌నకైన ఇచ్చియున్నారేమో చూచి, దానిని తీసివేయుడు.

ఇక కంప్యూటరు విషయమున చేయవలసినది. విండోస్‌లో ఫైళ్లను చూచు కిటికీ పైభాగమున 'వ్యూ' అనుదానిలో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' అను గడియందు గుర్తు పెట్టినచో దాగియున్న కడపటి అక్షరములు బయటపడును. ఇది నిమిషమైన పట్టని పని. ఈఎక్స్ఈ, ఎస్‌సీఆర్, వీబీఎస్, జేఎస్, ఎల్‌ఎన్‌కే, ఐఎస్‌ఓ అను గుర్తులతో వచ్చునవి సాధారణ వ్యవహారములో ఎవరును మెయిలులో పంపరు గనుక వాటిని తెఱవనే రాదు. బిల్లులు, దరఖాస్తులు, కొరియరు రసీదులు అని వచ్చువాటి విషయమున, పంపినవారు తెలిసినవారైనను, ఎదురుచూడనిదే వచ్చినచో వారికి టెలిఫోను చేసి యడుగవలెను. ఆ మెయిలులో నిచ్చిన నంబరునకు గాక, మనయొద్ద మునుపటినుండి యున్న నంబరునకే చేయవలెను. ఆ మెయిలుకే జవాబు వ్రాసి యడుగుట వ్యర్థము, ఆ ఖాతా దొంగచేతిలో నున్నచో జవాబిచ్చువాడును దొంగయే. యాంటీవైరసు అవసరమే, కాని ఈ ప్రొద్దు పుట్టిన క్రొత్త ప్రోగ్రామును అది గుర్తింపక విడిచిపెట్టవచ్చును గనుక, అది యూరకున్నదని ఫైలు నిర్దోషియని యెంచరాదు.

తెఱచిన తరువాత అనుమానము కలిగినచో మొదటి పని కంప్యూటరును జాలమునుండి విడదీయుట: వైరు ఊడదీయుడు, వైఫై ఆపుడు. రెండవది, కార్యాలయమైనచో కంప్యూటరు విభాగమువారికి తక్షణము తెలుపుట. సిగ్గుపడి మెయిలును చెఱిపివేయరాదు, అది సాక్ష్యము. ఇతరులను హెచ్చరింపనెంచి దానినే ఫార్వర్డు చేయనురాదు. ఆ కంప్యూటరుమీద బ్యాంకు పనులు చేయక, వేఱొక సాధనమునుండి మెయిలు, బ్యాంకు పాస్‌వర్డులను మార్చవలెను. సొమ్ము పోయినచో బ్యాంకునకు తెలుపుటతోపాటు సైబరు నేరముల ఫిర్యాదులకై యున్న 1930 నంబరునకు వెంటనే ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది ఆ సొమ్ము చేతులు మాఱిపోవును, తొందరగా తెలిపినచో దారిలోనే నిలుపుటకు వీలుండును. ఫిర్యాదును సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ అను ప్రభుత్వ జాలస్థలమునందును నమోదు చేయవచ్చును. కంప్యూటరును శుద్ధిచేయు సాధనములను 2017లో ఆరంభమైన సైబర్ స్వచ్ఛతా కేంద్రము ఉచితముగా నిచ్చుచున్నది. సంస్థలైనచో, సంగతి తెలిసిన 6 గంటలలోపల కేంద్రప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థకు తెలుపవలెనని 2022 ఏప్రిల్ నాటి ఉత్తరువు.

ఫైళ్లకు తాళము వైచి సొమ్మడుగువారికి చెల్లించినంతమాత్రమున తాళపుచెవి లభించునని నమ్మకము లేదు. వారిని నిర్వీర్యులను చేయునది వేఱొకచోట నున్న ప్రతి యొక్కటే. ముఖ్యమైన ఫైళ్ల ప్రతిని వేఱొక డిస్కులో వ్రాసి, వ్రాసిన వెంటనే ఆ డిస్కును కంప్యూటరునుండి ఊడదీసి బీరువాలో పెట్టవలెను. ఎల్లప్పుడు తగిలించియున్న డిస్కునకును అదే తాళము పడును.

కార్యాలయముల నధిష్ఠించియున్న పెద్దలకు ఒక విన్నపము. వచ్చు సోమవారము ప్రొద్దున మీ సిబ్బందిని పిలిచి, అనుమానపు ఫైలును తెఱచితినని వచ్చి చెప్పినవారిమీద ఏ చర్యయు నుండదని స్పష్టముగా చెప్పుడు. ఆ మాటను కాగితముమీద వ్రాసి సంతకము చేయుడు. దాని క్రింద మీ కంప్యూటరు విభాగపు నంబరును, 1930ని వ్రాయించి ప్రతి బల్లయొద్దను అంటింపుడు.